పాఠంలో దొంగ

ఊళ్ళో మొనగాళ్ళకు కొదవ లేదు. లారీని పళ్ళతో లాగినవాడున్నాడు, కరెంటు స్తంభం ఎక్కి అక్కడే కునుకు తీసి దిగినవాడున్నాడు. కానీ భూగోళాన్ని ఒంటిచేత్తో తోసి సూర్యుడి పక్కకు జరిపిన మనిషి మాత్రం ఒక్కరే: హైస్కూలు భూగోళం టీచరు. ఆఖరి పీరియడులో జరిపింది. రాత్రంతా అది అక్కడే ఉండిపోయింది. మర్నాడు పొద్దున టౌన్‌హాలులో ఊళ్ళోని బడులన్నిటి ముందూ ఆ సంగతి బయటపడింది. ఆ భూమిని మళ్ళీ దాని చోట పెట్టడానికి ఒక విచారణ కమిటీ, ఒక మందుల షాపు యజమాని, మెడలో ఈలతో ఒక డ్రిల్లు మాస్టారు అవసరమయ్యారు.

చూడబోతే ఆవిడ భూమిని కాదు, బెంచీని జరపాలన్నా పిల్లల్ని కేకేసే రకం. సన్నటి మనిషి. గొంతు పెద్దది కాదు. ఎడమ భుజం మీద ఎప్పుడూ సుద్దపొడి, చేతిలో ఎండైనా వానైనా గొడుగు. వరండా చివర, సైన్సు ల్యాబుకు ఆనుకుని ఉన్న గదే ఆవిడ రాజ్యం. అందులో ఉత్తరధ్రువం దగ్గర సొట్టపడ్డ గ్లోబు ఒకటి, మధ్యలో చీలిన నల్లబల్ల ఒకటి. నల్లబల్ల చీలిక మీదుగా ఏ నది గీసినా దానికి ఆనకట్ట కట్టినట్టే ఉండేది.

ఆ గదిలోంచి మిగతా గదుల్లోంచి వచ్చినట్టు వల్లెవేతలు వినిపించేవి కావు. కాసేపు చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం, ఆ తర్వాత ఉన్నట్టుండి సంతలో బేరమంత గోల. కొత్తగా వచ్చిన మాస్టర్లు అటుగా వెళుతూ, లోపల టీచరు ఉన్నదా లేదా అని కిటికీలోంచి తొంగి చూసేవారు. ఉండేది. గోల చేయిస్తున్నదే ఆవిడ.

ఆవిడ పద్ధతి అది. రోజూ పాఠం మొదలుపెట్టే ముందు చేతులు దులుపుకుని ఒకే మాట చెప్పేది: ఇవాళ్టి పాఠంలో ఒక దొంగ ఉన్నాడు, గంట కొట్టేలోగా పట్టుకోవాలి. ఆ తర్వాత పాఠం హాయిగా సాగిపోయేది. నదులు, గాలులు, పంటలు, రేవులు అన్నీ నిజాలే. వాటి మధ్య ఒక్క అబద్ధం మాత్రం పెద్దమనిషిలా బట్టలు వేసుకుని, కాలు మీద కాలు వేసుకుని కూర్చునేది. అనుమానం వచ్చినవాళ్ళు లేచి నిలబడాలి. 'నాకెందుకో అలా అనిపిస్తోంది' అంటే చెల్లదు, ఎందుకు తప్పో చెప్పాలి. మిగతావాళ్ళు ఎదురు ప్రశ్నలు వేస్తారు. గోలంతా అప్పుడే. దొంగ దొరికాడని తేలాక, పట్టినవాళ్ళు ఎర్ర సుద్దతో ఆ వాక్యం చుట్టూ సున్నా చుడతారు. ఆవిడ తన చేత్తో దాన్ని చెరిపి, దాని చోట నిజం రాస్తుంది. ఎవరూ పట్టలేకపోతే గంటకు ముందు తానే పట్టిచ్చేది. ఏమైనా సరే, దొంగ గది దాటి బయటికి పోకూడదు. ఆ నియమం ఆవిడ తనకు తానే పెట్టుకున్నది.

ఆ గదిలో తయారైనవాళ్ళు ఊరికి ఎంత తలనొప్పి అయ్యారో చెప్పనక్కర్లేదు. ఒకడు సినిమా మంచి పట్టులో ఉండగా హాల్లో లేచి నిలబడి, పొద్దున సీనని చెప్పి సాయంత్రపు నీడ చూపిస్తున్నారని నిలదీశాడట. సగం హాలు వాడితో కలిసి బయటికొచ్చి వాదించుకుంటుండగా రెండో సగం హాలు ఒంటరిగా సినిమా చూసిందట. ఆవిడ పాత విద్యార్థి ఎక్కితే కండక్టరు చిల్లర మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టుకుని ఇచ్చేవాడు. ఇంట్లో ఆవిడ అత్తగారికి కూడా ఆ జబ్బు అంటుకుంది. టీవీలో వార్తలు చదువుతుంటే మంచం మీంచే 'అదిగో దొంగ' అని వేలు చూపించేది. చాలాసార్లు ఆ వేలు సరిగ్గానే పడేది.

భర్త వీధి మలుపులో చిన్న గదిలో వాచీలు బాగుచేస్తాడు. కంటికి భూతద్దం తగిలించుకుని, ఊపిరి కూడా లెక్కగా వదిలే మనిషి. మాట తక్కువ, వెటకారం ఎక్కువ. ఊళ్ళో సమయం తాను నడుపుతుంటే తన పెళ్ళాం అబద్ధాలు నడుపుతోందని వచ్చినవాళ్ళకల్లా చెప్పేవాడు.

ఇక భూమి జరిగిన రోజు. ఎనిమిదో తరగతికి ఋతువుల పాఠం. ఆనాటి దొంగ ఘరానా దొంగ. వేసవిలో భూమి సూర్యుడికి దగ్గరగా వస్తుంది, అందుకే ఎండ మండిపోతుంది అని నల్లబల్ల మీద గుండ్రటి అక్షరాలతో రాసింది. మంటకు దగ్గరగా జరిగితే వేడి, దూరంగా జరిగితే చలి. ఎవరికైనా నమ్మబుద్ధేస్తుంది. నిజమేమిటంటే భూమి ఒక పక్కకు ఒరిగి తిరుగుతుంది. ఒరిగిన వైపు ఎండ నిటారుగా పడి వేసవి, అవతలి వైపు ఏటవాలుగా పడి చలికాలం. దగ్గరికి జరగడమే కారణమైతే భూమి మొత్తానికీ ఒకేసారి వేసవి రావాలి కదా అని ఎవరో ఒకరు లేచి అడుగుతారని ఆవిడ ఎదురుచూస్తోంది.

పాఠం సగంలో ఒక పిల్ల తలుపు దగ్గర నిలబడింది. ఆ వారమే వేరే బడి నుంచి మారి వచ్చింది, మందుల షాపు ఆయన కూతురు. చురుకైనదని చూసి మర్నాడు జరిగే బడుల మధ్య క్విజ్ పోటీకి అప్పుడే జట్టులో వేసుకున్నారు. అభ్యాసం ముగించుకుని వచ్చింది. టీచరు రమ్మని తల ఊపింది, పిల్ల ముందు బెంచీలో కూర్చుని నల్లబల్ల మీద ఉన్నదంతా బుద్ధిగా రాసుకుంది. భూగోళం గదిలో అదే మొదటి రోజు కావడంతో దొంగ సంగతి ఆ పిల్లకు తెలియదు. చెప్పాలని టీచరుకు తట్టలేదు.

వెనక బెంచీలో ఒకడు అప్పుడే సగం లేచాడు. అతని మొహం చూస్తేనే దొంగ కాలరు అతని చేతికి అందిందని తెలుస్తోంది. సరిగ్గా అప్పుడు పక్క ల్యాబులో ఎవరో ఏదో పొయ్యి మీద పెట్టి మరిచారు. పొగ వరండాలోకి వచ్చింది. అటెండరు గంటను ఆపకుండా కొట్టాడు. పిల్లలందరినీ మైదానంలోకి తోలుకుపోయి, గదులన్నీ వెతికి, నిప్పు లేదు ఒట్టి పొగేనని తేలాక, ఇక ఇళ్ళకు పొమ్మన్నారు. అందరూ క్షేమంగా బయటపడ్డారా లేదా అన్న ఆరాటంలో ఆవిడ బుర్రలోంచి దొంగ ఎగిరిపోయాడు. ఇంటికెళ్ళి చేతులు కడుక్కుంటుంటే వేళ్ళకు ఎర్ర సుద్ద అంటుకోలేదని గమనించింది. రేపు మొదటి పీరియడు ఆ తరగతికే కదా, పట్టించేద్దాంలే అనుకుంది. క్విజ్ పొద్దున్నే అన్నది ఆమెకు గుర్తు రాలేదు.

టౌన్‌హాలులో మందుల షాపు ఆయన ముందు వరసలో, ఇస్త్రీ చొక్కాలో, ఫోను కెమెరా పైకెత్తి కూర్చున్నాడు. వేసవి ఎందుకు వస్తుందని క్విజ్ మాస్టరు అడగడం, ఆయన కూతురు అందరికంటే ముందు బజరు నొక్కడం ఒకేసారి జరిగాయి. భూమి సూర్యుడికి దగ్గరగా వస్తుంది కాబట్టి, మా టీచరు చెప్పారు అని గట్టిగా పలికింది. తప్పన్నాడు క్విజ్ మాస్టరు. అక్కడితో ఆగినా బాగుండేది. తండ్రి లేచాడు. తన పిల్ల చెప్పిందే రైటని, చిన్నప్పటి నుంచి తానూ అదే విన్నానని, కావాలంటే పుస్తకం తెప్పించమని హాలంతా అదిరేలా వాదించాడు. పుస్తకం తెప్పించారు. చదివి వినిపించారు. హాలు పగలబడి నవ్వింది. ఆ ఒక్క ప్రశ్నతో కప్పు పక్క బడికి పోయింది. ఆ నవ్వులో సగానికి పైగా తనకోసమేనని ఆయనకు తెలుసు. తల కొట్టేసినట్టయింది.

అక్కడినుంచి నేరుగా హెడ్మాస్టరు గదికి. టీచరు తెలిసి తెలిసి పిల్లలకు అబద్ధాలు నేర్పుతోంది, రోజూ నేర్పుతోంది, ఆవిడను బడిలోంచి పంపించాలి, లేదంటే తన పిల్లను ఆ సెక్షనులోంచి తీసేయాలి. ఇదీ ఫిర్యాదు. రాసిన మాటల్లో ఒక్కటి కూడా అబద్ధం లేదు, అదే చిక్కు.

హెడ్మాస్టరు మంచివాడు. గొడవంటే మాత్రం ఆమడ దూరం. ఆవిడను పిలిచి కుర్చీ చూపించి, ఒక టైపు చేసిన కాగితం బల్ల మీద పెట్టి మెల్లగా ముందుకు తోశాడు. ఇకమీదట పాఠ్యపుస్తకంలో అచ్చయిన మాట తప్ప మరో మాట తరగతిలో చెప్పనని హామీ.

"ఒక్క సంతకం పెట్టేయండమ్మా. ఇంతటితో వదిలిపోతుంది."

"పెట్టకపోతే?"

"కమిటీ కూర్చుంటుంది. తీసెయ్యమని రాస్తే నేను చెయ్యగలిగిందేం లేదు."

ఆవిడ కాగితం మొత్తం చదివింది. చదివి, మళ్ళీ ఆయన వైపే తోసింది. ఏ తప్పు చేశానంటున్నారో కాగితం మీద రాసివ్వమని, జవాబు చెప్పుకోవడానికి వ్యవధి ఇవ్వమని, విచారణకు తోడుగా ఒకరిని తెచ్చుకుంటానని చెప్పింది. సర్వీసు రూల్సులో ఆ మూడూ ఉన్నాయంది. హెడ్మాస్టరుకు ఆ రూల్సు పుస్తకం బీరువాలో ఎక్కడుందో వెతకడానికే మధ్యాహ్నం గడిచిపోయింది. ఆయన జ్ఞానమంతా దాని అట్ట రంగు దగ్గరే ఆగిపోయి ఉంది.

ఇంట్లో అత్తగారు విషయం విని టీవీ కట్టేసింది. ఆవిడ టీవీ కట్టేసిందంటే సంగతి చాలా దూరం వెళ్ళినట్టు లెక్క.

"సంతకం పెడితే నీ ఉద్యోగం ఉంటుంది కదే అమ్మాయ్."

"ఉద్యోగం ఉంటుంది అత్తయ్యా. పుస్తకం నేను చదవక్కర్లేదు, టేపు పెట్టినా చదువుతుంది. నేనెందుకు మరి?"

భర్త భూతద్దం తీయకుండానే చిన్న ముల్లు ఒకటి చక్రంలో కూర్చోబెట్టి, అప్పుడు అడిగాడు. నువ్వు తప్పు చేశావా, చెయ్యలేదా, ముందు అది తేల్చుకో అన్నాడు. వెటకారం లేకుండా ఆయన అన్న మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఆవిడ ఆ సాయంత్రమంతా దాని మీదే కూర్చుంది. తప్పు ఉంది. కానీ వాళ్ళు వేలు పెట్టి చూపిస్తున్న చోట లేదు. రెండూ కలగలిపి ఒకే కాగితం మీద పెట్టారు. ఒకటి ఒప్పుకుంటే రెండోదీ పోతుంది, రెండోది నిలబెట్టుకోవాలంటే మొదటిది బుకాయించాలి. రెంటినీ విడదీయడమే పని.

మొదట మందుల షాపుకు వెళ్ళింది. ఆ పిల్ల క్విజ్ నాటి నుంచి బడికి రావడం లేదు, కౌంటరు వెనక ఎత్తు స్టూలు మీద కూర్చుని సీసాలకు చీటీలు అంటిస్తోంది. టీచరును చూసి చీటీ వంకరగా అంటించింది. ఆవిడ తండ్రితో కాకుండా పిల్లతోనే మాట్లాడింది. వేసవి సంగతి నిజమేమిటో చెప్పి, నీ తప్పు ఏమీ లేదు, నీకు తప్పు చెప్పి పంపింది నేను అంది.

"పాఠంలో దొంగ ఉంటాడని మిగతావాళ్ళకి తెలుసంట. నాకెవరూ చెప్పలేదు."

"చెప్పలేదమ్మా. ఆలస్యంగా వచ్చినవాళ్ళకి మళ్ళీ చెప్పాలి. అది నేను చెయ్యలేదు."

పిల్ల ఆ వంకర చీటీ పీకి సరిగ్గా అంటించింది. తండ్రి మాత్రం, క్షమాపణలు తర్వాత, ముందు ఆ హామీ మీద సంతకం పెట్టండి, నేను ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాను అన్నాడు. అది మాత్రం కుదరదని చెప్పి ఆవిడ గొడుగు తీసుకుంది. ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కింది.

విచారణకు తోడు ఎవరన్నది తర్వాతి సమస్య. టీచర్ల సంఘానికి ఆ బడిలో కార్యదర్శి డ్రిల్లు మాస్టారు. ఎన్నిక రోజున ఆయన ఒక్కడే మీటింగుకు వెళ్ళాడు, బయటికొచ్చేసరికి కార్యదర్శి. పిల్లల్ని ఎండలో మైదానం చుట్టూ తిప్పమంటే తిప్పుతాడు గానీ, బల్ల ముందు పెద్దవాళ్ళు కూర్చుంటే ఆయనకు నాలుక పిడచకట్టుకుపోతుంది. అయినా రానని అనలేదు. ఏం మాట్లాడాలో ఒక్క వాక్యం రాసివ్వమన్నాడు. పాఠం ఏమిటన్నది బోర్డు నిర్ణయిస్తుంది, ఎలా చెప్పాలన్నది టీచరు నిర్ణయిస్తారు. ఇదీ వాక్యం, రూల్సులో ఉన్నదే. ఆయన దాన్ని మైదానంలో ఈలకూ ఈలకూ మధ్య వల్లెవేశాడు. ఏడో తరగతి కవాతు చేస్తూ 'లెఫ్ట్ రైట్' బదులు 'బోర్డు టీచరు, బోర్డు టీచరు' అందని చెప్పుకుంటారు.

విచారణ హెడ్మాస్టరు గదిలోనే. అద్దం పరిచిన బల్ల, అద్దం కింద పాత గ్రూపు ఫోటోలు, తిరిగిన ప్రతిసారీ టక్కుమనే ఫ్యాను. మధ్య కుర్చీలో కమిటీ అధ్యక్షుడు, రిటైరైన బ్యాంకు మేనేజరు. పెన్ను మూత తీయడం, పెట్టడం ఆయన అలవాటు. పక్కన విద్యాశాఖ నుంచి వచ్చిన అధికారిణి. ఆవిడ అప్పటికే ఆ రూల్సు పుస్తకం పేజీలు మడిచి పెట్టుకుని ఉంది. ఇటు పక్క మందుల షాపు ఆయన, అటు పక్క టీచరు, ఆవిడ వెనక డ్రిల్లు మాస్టారు. ఈల మెడలోంచి తీయడం మరిచిపోయాడు.

ముందు టీ తెచ్చారు. చక్కెర ఎంత వేయమంటారని అటెండరు అడిగాడు. డ్రిల్లు మాస్టారు దిగ్గున లేచి, పాఠం ఏమిటన్నది బోర్డు నిర్ణయిస్తుంది, ఎలా చెప్పాలన్నది టీచరు నిర్ణయిస్తారు అని గది దద్దరిల్లేలా చెప్పి కూర్చున్నాడు. అటెండరు భయపడి చక్కెర వేయకుండానే వెళ్ళిపోయాడు. అధికారిణి తల దించుకుని పేజీ తిప్పింది, భుజాలు మాత్రం కదిలాయి.

అధ్యక్షుడు ఆరోపణ చదివాడు. ఏమంటారమ్మా అని అడిగాడు. ఆవిడ లేచి, ఇందులో రెండున్నాయండీ, విడివిడిగా జవాబు చెబుతానంది. ఆ రోజు తప్పు చెప్పి దిద్దకుండా పిల్లల్ని పంపేశాను, ఆలస్యంగా వచ్చిన పిల్లకు దొంగ ఉన్నాడన్న ముందుమాట చెప్పలేదు. పొగ వచ్చింది నిజమే, అయినా మైదానంలో అందరూ నిలబడి ఉన్నప్పుడు ఒక్క కేక వేసి దిద్ది ఉండవచ్చు. పిల్లలు ఇంటికి ఏం పట్టుకెళుతున్నారో దానికి టీచరుదే బాధ్యత. రూల్సు ప్రకారం దీనికి రాతపూర్వకంగా మందలించవచ్చు, మందలించండి అంది.

ఇన్నేళ్ళలో ఏ గదిలోనూ, ఏ బల్ల ముందూ, శిక్ష ఇది అని తానే పేరు పెట్టి అడిగిన మనిషిని అధ్యక్షుడు చూడలేదు. పెన్ను మూత ఎక్కడ పెట్టాడో ఆయనకే దొరకలేదు.

రెండోది పద్ధతి, అది మాత్రం వదలను, ఆ కాగితం మీద సంతకం పెట్టను అని ముగించింది.

మందుల షాపు ఆయన ఇక ఆగలేకపోయాడు. ఆయన వాదన చేతకాని వాదన కాదు. గదిలో ఫ్యాను కూడా వినడానికి ఆగిందంటారు, కరెంటు పోయిందని గిట్టనివాళ్ళంటారు.

"మేడం, నా షాపుకి జ్వరంతో ఒక మనిషి వస్తాడు. నేను పది మందు బిళ్ళలిచ్చి, ఇందులో ఒకటి తప్పుది, నువ్వే పట్టుకో అంటే మీరు ఊరుకుంటారా?"

"ఊరుకోను. మీ షాపులో ఆ ఆట ఆడకూడదు."

"మరి బళ్ళో ఎందుకు ఆడుతున్నారు?"

డ్రిల్లు మాస్టారు జేబులు తడుముకున్నాడు. ఆయన దగ్గర ఉన్న ఒక్క వాక్యమూ టీ దగ్గరే ఖర్చయిపోయింది. ఆవిడే ఎదురు ప్రశ్న వేసింది.

"డాక్టరు రాసిన చీటీలో పొరపాటుంటే మీరేం చేస్తారండీ?"

"ఇవ్వను. ఫోను చేసి అడుగుతాను." ఆయన వెన్ను నిటారుగా అయింది. "మొన్ననే పసిపిల్లకి పెద్దవాళ్ళ మోతాదు రాసిచ్చారు. నేను పట్టుకోబట్టి సరిపోయింది."

"డాక్టరు రాశాడు కదా, ఇచ్చెయ్యాలనిపించలేదా?"

"ఎవరు రాస్తే ఏంటండీ, తప్పు తప్పే కదా."

"మీ అమ్మాయికి నేను నేర్పాలనుకున్నది అదే. ఆ రోజు సగంలో ఆగిపోయింది, అది నా లోపం."

మందుల షాపు ఆయన తన చేతుల వైపు చూసుకున్నాడు. పసిపిల్ల మందు సంగతి అంతకుముందు ఆయన ఎవరితోనూ చెప్పుకోలేదు. చెప్పుకోవడానికి సరైన చోటు ఇన్నాళ్ళూ దొరకలేదు.

అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు. అటూ ఇటూ చూసి, కాస్త గొంతు తగ్గించి అడిగాడు.

"అయితే... వేసవిలో భూమి నిజంగా దగ్గరికి రాదా?"

అధికారిణి ఆయన వైపు తిరిగి చూసింది. టీచరు నవ్వలేదు, ఆ గదిలో నవ్వనిది ఆవిడ ఒక్కతే. నిజానికి మనకు చలికాలంలోనే కాస్త దగ్గరగా ఉంటుందని చెప్పి, బల్ల మీద గాజు పేపరు వెయిట్ తీసి కిటికీ వెలుతురు వైపు ఒరగపెట్టి చూపించింది. ఆయన పేపరు వెయిట్ చేతిలోకి తీసుకుని, తనూ ఒకసారి ఒరిగించి చూసుకున్నాడు. మా మాస్టారు మాకు సరిగ్గానే చెప్పి ఉంటారు, నేనే మరిచిపోయి ఉంటాను అన్నాడు. చెప్పే ఉంటారండీ అంది ఆవిడ. ఆ గుండ్రటి గాజును ఆయన విచారణ ముగిసేదాకా బల్ల మీద పెట్టలేదు.

అధికారిణి మడిచిన పేజీ విప్పింది. పాఠ్యాంశం బోర్డుది, బోధన పద్ధతి టీచరుది, పిల్లలకు చేరిన దానికి టీచరే జవాబుదారు అన్న మూడు వాక్యాలు చదివింది. మూడూ ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి, ఎవరూ అంతకుముందు మూడింటినీ కలిపి చదవలేదంది. హామీ కాగితం రూల్సుకు విరుద్ధం కాబట్టి దాన్ని పక్కన పెట్టాలి. దిద్దకుండా పంపినందుకు మందలింపు ఇవ్వాలి. ఇకమీదట తరగతి మధ్యలో ఎప్పుడు ఆగిపోయినా, పిల్లలు చెదిరేలోపు తప్పును దిద్ది పంపాలి. ఆ మూడో మాట రాసేటప్పుడు టీచరు ఆపి, ఆలస్యంగా వచ్చినవాళ్ళకు ముందుమాట మళ్ళీ చెప్పాలి అన్నది కూడా కలపండి అని అడిగింది. అధికారిణి అదీ కలిపి రాసింది.

మందుల షాపు ఆయనను ఇంకేమైనా చెప్పాలా అని అడిగారు. ఆయన గోడ మీద క్యాలెండరు వైపు చూస్తూ, మా అమ్మాయి సెక్షను మార్చమన్నాను కదా, మార్చకండి అన్నాడు.

ఇక ఆ తర్వాత ఏం జరిగిందన్నది ఊరంతా చెప్పుకునే సంగతే. కమిటీ మొత్తం ఆవిడ గౌరవార్థం లేచి నిలబడిందని, అధ్యక్షుడు చెయ్యెత్తి నమస్కారం పెట్టాడని, డ్రిల్లు మాస్టారు ఆనందం పట్టలేక విచారణ గదిలోనే ఈల ఊదితే బడి మొత్తం మైదానంలోకి వచ్చి వరసల్లో నిలబడిందని, ఆ రోజు నుంచి చుట్టుపక్కల ఏ బడిలోనూ ఏ టీచరు ముందూ ఎవరూ టైపు చేసిన కాగితం ముందుకు తోయలేదని. వాచీల గదిలో ఈ కథ చెప్పేటప్పుడు భర్త భూతద్దం తీసేసి మరీ చెబుతాడు, గర్వం పట్టడానికి ఆ మొహం చాలదు. అత్తగారైతే టీవీలో కూడా చెబుతారేమోనని కొన్నాళ్ళు వార్తలు వదలకుండా చూసింది. కథ విన్నవాళ్ళెవరైనా ఆ గొడుగు టీచరు వైపు తిరిగి ఇంతేనా, ఇంకా ఏమైనా జరిగిందా అని అడిగితే ఆవిడ చెప్పేది మాత్రం ఇదీ:

"నా కోసం ఎవరూ లేవలేదు. మీటింగ్ అయిపోయింది, లేచారు. మాస్టారు ఈల ఊదలేదు, దగ్గారు. నాకు మందలింపు ఇచ్చారు, అది ఇవ్వాల్సిందే. మర్నాడు మొదటి పీరియడ్ ఎనిమిదో తరగతికి ఉంది, వెళ్ళి పాఠం చెప్పాను."